ఒకసారి తడితే నెమ్మది

సెప్టెంబరు 2

మీరు ఆసుపత్రిలో అన్నది తప్పు.

"పడవ నడిపేది నువ్వే కదా, నేను వెనక ఊరికే కూర్చునేవాణ్ణి. నేను లేకపోయినా చేపలు నీకు పడతాయి" అన్నారు. పడలేదు. పొద్దున్నుంచి ఎండ నడినెత్తికి వచ్చేదాకా సరస్సు మీద తిరిగాను. వెనక రెండు గాలపు కర్రలూ వాటి చోట్లో ఉన్నాయి, దారాలు నీళ్ళలో ఉన్నాయి, దారాల చివర మీరు రంగులేసిన రేకుచేపలు ఉన్నాయి. అసలు చేపలు మాత్రం ఇంకెక్కడో ఉన్నాయి.

ఇది మీకు రాస్తున్నాననుకోకండి. పోయినవాళ్ళకి ఉత్తరాలు రాసే రకాన్ని కాదు నేను. చేపలు ఎందుకు పడలేదో రాసి చూసుకుంటున్నాను, అంతే. లెక్క ఎక్కడ తప్పిందో తెలియకపోతే నాకు అన్నం సయించదు. "మీరు" అని రాయడం చేతికి అలవాటు.

సెప్టెంబరు 3

కారణం: గాలి.

సెప్టెంబరు 5

కారణం గాలి కాదు. ఈ రోజు ఆకు కదల్లేదు. చేపా కదల్లేదు.

పిల్లలకి చెప్పినట్టు ముందు ఇచ్చిన విషయాలు రాసుకుంటాను. ఒడ్డున కూర్చుని గాలం వేసేవాళ్ళకి ఓపిక ఉంటే చాలు. మన పద్ధతిలో పడవ కదులుతూనే ఉండాలి, వెనక దారాలు సాగుతూ ఉండాలి, ఆ నడకకి నీళ్ళలో రేకుచేప బతికున్నదానిలా ఒళ్ళు తిప్పాలి. పడవ మరీ నెమ్మదిస్తే అది చచ్చిన రేకు. మరీ జోరు చేస్తే పిచ్చెక్కిన రేకు. రెండింటినీ చేప నమ్మదు. అంటే మొత్తం వ్యవహారం పడవ నడకలో ఉంది. నడక ఇంజను పిడిలో ఉంది. పిడి నా చేతిలో ఉంది.

మరి ఎందుకు పడదు?

ఒంటరిగా ఒక ఇబ్బంది ఉంది, ఒప్పుకుంటాను. ముందుకి చూస్తే కర్రలు కనిపించవు. వెనక్కి చూస్తే సరస్సు కనిపించదు. ఇవాళ వెనక్కి చూస్తూ మరొకరి పడవ మీదికి పోబోయాను. అందులోని పెద్దమనిషి నన్ను ఒక మాట అన్నాడు. నేను రెండన్నాను.

సెప్టెంబరు 6

మీరు గడ్డం గీసుకునే అద్దం తీసుకెళ్ళి పడవ తిప్పే చక్రం పక్కన కట్టాను, కర్రలు అందులో కనిపిస్తాయని. కర్రలు తప్ప అన్నీ కనిపించాయి. ముఖ్యంగా నేను. అంతసేపు నన్ను నేను ఈ మధ్య చూసుకోలేదు.

అద్దం మళ్ళీ స్నానాల గదిలో పెట్టేశాను.

సెప్టెంబరు 8

అమ్మాయి వచ్చింది. మందుల కొట్టు పెట్టినప్పటినుంచి ఏం చెప్పినా అట్ట మీద రాసినట్టే చెబుతుంది. "అమ్మా, పడవ తీసేయ్. వారానికి రెండుసార్లు మా ఇంటికి రా. భోజనం తర్వాత కాసేపు నడువు" అంది.

"నువ్వు ఒక్కసారి పడవెక్కు, చూద్దాం" అన్నాను.

"నాకు కడుపులో తిప్పుతుందని తెలుసుగా."

"దానికి మీ కొట్లో మందు లేదూ?"

కోపం వచ్చింది దానికి. అయినా వెళ్ళేముందు నా ఫోనులో పడవ వేగం చూపించే ఏర్పాటు ఒకటి పెట్టి వెళ్ళింది. మంచి పిల్ల. మీ పోలిక.

సెప్టెంబరు 9

ఫోను చెప్పిన వేగంతోనే పొద్దంతా నడిపాను. అంకె ఇటూ అటూ కదల్లేదు. చేపా అంతే.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే వెలిగింది. ఫోను ఒడ్డుతో పోల్చి చెబుతుంది. చేప ఉండేది నీళ్ళలో. నేను తిరిగేది ఏరు వచ్చి సరస్సులో కలిసే చోట. అక్కడ నీరే నడుస్తోంది. ఎదురెళ్ళేటప్పుడు ఫోను ఒకటి చెబితే రేకుకి తగిలేది మరొకటి. పడవా ప్రవాహం లెక్కలు నల్లబల్ల మీద సుద్దముక్క అరిగేదాకా చెప్పినదాన్ని, నా పడవకొచ్చేసరికి మర్చిపోయాను.

మీరు దీనికేం చేసేవారు? ఫోను లేదు మీ దగ్గర. ఊరికే కూర్చునేవారు.

ఊరికేనా?

సెప్టెంబరు 10

బల్ల గురించి రాయాలి, తప్పదు.

పడవ మధ్యలో ఒకటే అడ్డబల్ల. నేను ముందుకి తిరిగి చక్రం దగ్గర, మీరు వెనక్కి తిరిగి కర్రల దగ్గర, వీపుకి వీపు. ఇంజను మోతలో మాట వినపడదు కాబట్టి బల్ల మీద తట్టేవారు. ఒకసారి తడితే నెమ్మది. రెండుసార్లు తడితే జోరు. మూడుసార్లు తడితే నేను "ఏమిటీ?" అని అరిచేదాన్ని. "ఏమీ లేదు" అని మీరు అరిచేవారు. అంత గొంతు చించుకుని చెప్పాల్సినంత ఏమీ లేకపోవడం!

పెళ్ళయిన మొదటి వేసవి నుంచీ ఇదే. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే విషయం కాదు, చెబితే నవ్వుతారు.

కానీ ఒక మాట రాసుకోవాలి. మీరు తట్టకముందే చాలాసార్లు నా చెయ్యి పిడి మీదికి పోయేది. మీరు తట్టేది నేను ఎలాగూ చేయబోతున్నదే. కాబట్టి చేపలు పడకపోవడానికి, మీరు తట్టకపోవడానికి సంబంధం లేదు.

సెప్టెంబరు 11

సంబంధం లేదు.

సెప్టెంబరు 13

వెనక గాలి. ఇంజను ఎంత తగ్గించినా పడవ తోసుకుపోతోంది. ఇలాంటప్పుడు మీరు బకెట్‌కి తాడు కట్టి వెనక వదిలేవారు. నీళ్ళు నిండి అది పడవని పట్టి లాగేది, నడక తగ్గేది. నేనూ స్నానాల గదిలో బకెట్ తీసుకెళ్ళి కట్టాను. తాడు వేళ్ళకి కోసుకునేంత బిగిసింది, నడక తగ్గింది, బ్రహ్మాండం అనుకున్నాను. మలుపు తిరిగాక తాడు వదులైంది. లాగి చూస్తే బకెట్ పిడి ఒక్కటే తిరిగొచ్చింది.

రాత్రి స్నానానికి నీళ్ళు గిన్నెతో తెచ్చుకున్నాను.

సెప్టెంబరు 14

రేవు చూసుకునే అబ్బాయి పిలిచాడు. అబ్బాయి అంటున్నాను గానీ జుట్టు నెరిసింది. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది. నా క్లాసులో త్రికోణాలంటే వణికేవాడు, గుర్తుందా? ఇప్పుడు పడవలు కొలుస్తున్నాడు.

"టీచరుగారూ, మిమ్మల్ని ఆపేంత ధైర్యం నాకు లేదు. కానీ కొత్త నిబంధన వచ్చింది. డెబ్బై దాటినవాళ్ళు ఒంటరిగా నీళ్ళ మీదికి వెళ్ళకూడదు."

"నాకు డెబ్బై దాటాయని ఎవరు చెప్పారు?"

"మీరేనండీ. వయసు లెక్కలన్నీ మీ వయసుతోనే చెప్పేవారు."

లెక్కలు బాగా చెబితే జరిగేది ఇదే.

"రెండో మనిషిని చూసుకోండి టీచరుగారూ. ఎవరైనా సరే. నెలాఖరు దాకా నేను చూడనట్టు ఉంటాను. ఆ తర్వాత పడవని ఒడ్డుకి లాగి, మీ చోటు ఇంకొకళ్ళకి ఇవ్వాలి. చాలామంది అడుగుతున్నారు."

"మా ఆయన చోటది."

"అందుకే నెలాఖరు దాకా అన్నాను" అన్నాడు, ఈల చేత్తో తిప్పుతూ. నా మొహం చూడలేదు. మంచివాడే. త్రికోణాలు రాకపోతేనేం.

సెప్టెంబరు 15

ఎవరున్నారని?

అమ్మాయికి కడుపులో తిప్పుతుంది. అల్లుడికి నన్ను చూస్తే తిప్పుతుంది. నాతో పనిచేసిన వాళ్ళలో మిగిలినవాళ్ళు మెట్లెక్కడానికే మనిషి కావాలంటున్నారు. మీ అక్కయ్య ఉంది.

మీ అక్కయ్యని అడగను.

మీరు పోయిన రోజు అంతమంది ముందు ఏమందో మీరు వినలేదు కదా. "తమ్ముడికి చేపలు పట్టడం నేర్పింది నేనే" అంది. అదా ఆ రోజు అనాల్సింది? టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఉద్యోగమంతా ఊరివాళ్ళ మాటలు విని, రిటైరయ్యాక ఆ బాకీ అంతా మనమీద తీర్చుకుంటున్న మనిషి. పడవలో కూర్చోబెడితే చేపలు వాటంతటవే ఒడ్డెక్కి పారిపోతాయి.

సెప్టెంబరు 17

అడగను అని రాశాను. రాసిన మాట మీద నిలబడతాను.

సెప్టెంబరు 18

సాయంత్రం కిటికీ దగ్గర కూర్చున్నాను. వెనక గదిలో టక్కుమని చప్పుడు.

"ఏమిటీ?" అన్నాను.

చెక్క అల్మారా. చల్లబడితే దాని చెక్క అలా అంటుంది, ఎప్పటినుంచో అంటోంది. "ఏమీ లేదు" అనలేదు పాపం. అబద్ధం చెప్పని అల్మారా.

సెప్టెంబరు 19

అడిగాను.

దర్జీ కొట్టు పైన గదులు ఆవిడవి. మెట్ల మీద కత్తిరింపు గుడ్డముక్కలు, పై గదిలో ఎవరూ ఫోను చేయని పాత ఫోను, దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ.

"ఏమే, దారి తప్పి వచ్చావా?"

"చూసుకునే వచ్చాను వదినా."

"అయితే పనుంది నీకు."

"ఉంది."

"కూర్చో. ముందు నేను చెప్పాల్సింది విను, తర్వాత నీ పని."

విన్నాను. కింద దర్జీ కుట్టు మిషను ఆపేసి ఇంటికి వెళ్ళిపోయాడు, అప్పటికీ వింటూనే ఉన్నాను. చివరికి నీళ్ళు తాగడానికి ఆగింది. సందు దొరికింది.

"పడవలో రెండో మనిషి ఉండాలంటున్నారు వదినా. మీరు ఊరికే కూర్చుంటే చాలు."

"బస్తా ఏదైనా వేసుకోకపోయావా?"

"బస్తాని మనిషి కింద లెక్కపెట్టరు."

"పెట్టి ఉంటే బాగుండేది నీకు. నోరు మూసుకుని కూర్చునేది" అంది. తనే నవ్వింది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా వాచి ఉన్నాయి. "నేను వాడి పడవెక్కి ఎన్నేళ్ళయిందో తెలుసా? మీ పెళ్ళయ్యాక ఎక్కలేదు. ఎవరూ రమ్మనలేదు."

రమ్మనలేదు. నిజమే. ఎందుకు రమ్మనాలి, ఇద్దరికి సరిపడే పడవ అది.

అని అనలేదు. "పొద్దున తొందరగా లేవండి" అని చెప్పి వచ్చేశాను.

సెప్టెంబరు 21

వరసగా రాస్తాను.

రేవు దాటేదాకా మాట్లాడింది. రేవు దాటాక మాట్లాడింది. ఇంజను మోత పెరిగితే గొంతు పెంచింది. దర్జీ కోడలి సంగతి, దర్జీ సంగతి, గుండీల సంగతి. నేను దారాలు వదిలి వచ్చి నా చోట్లో కూర్చున్నాను. ఆవిడ వెనక్కి తిరిగి మీ చోట్లో కూర్చుంది. వీపు తగిలింది. మీకంటే పొట్టి, భుజాల కిందికి తగిలింది.

ఏరు కలిసే చోటికి వచ్చాం. గుండీల మధ్యలో మాట ఆగిపోయింది. నీళ్ళు చూసి కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకున్నాను.

అప్పుడు బల్ల మీద, ఒకసారి, టక్.

నా చెయ్యి నన్ను అడగలేదు. పిడి తగ్గించేసింది. పడవ నెమ్మదించింది.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే మీ అక్కయ్య కనిపిస్తుంది.

కాసేపటికి రెండుసార్లు. పెంచాను. మళ్ళీ ఒకసారి. తగ్గించాను. ఎదురు నీటిలో ఒక రకం, వాలు నీటిలో ఒక రకం. నేను ఎప్పుడు పిడి మీద చెయ్యి వేయబోతున్నా తట్టు ఒక్క క్షణం ముందే వచ్చింది. ప్రతిసారీ ముందే.

ఇది రాసుకోవాలి: పదో తారీఖున నేను రాసింది తప్పు.

సరస్సు చివర ఎడమకి మలుపు తీసుకున్నాను. మలుపులో కుడి దారం పెద్ద వృత్తం మీద పోవాలి కాబట్టి జోరుగా పోతుంది, ఎడమది నెమ్మదిస్తుంది. కుడి కర్ర ఒక్కసారిగా వంగింది. ఆవిడ "పడింది! పడిందే!" అని కేక వేసింది. జోరుగా పోయే రేకునే పట్టుకుందంటే ఈ రోజు చేపలకి జోరు కావాలన్నమాట. చేప పడవలోకి రాగానే నడక పెంచుదామని పిడి మీద చెయ్యి వేశాను. అదే క్షణంలో రెండు తట్లు. ముందు కాదు, తర్వాత కాదు. ఇద్దరం ఒకేసారి.

మీకు పడేలాంటి పెద్ద చేప కాదు. బకెట్ లేదు కాబట్టి నా సంచిలో వేసుకున్నాను. సంచి ఇంకా కంపు కొడుతోంది.

సెప్టెంబరు 22

నిన్న గట్టు మీద దారాలు చుట్టుకుంటూ అడిగాను. మామూలుగా అడిగినట్టే అడిగాను.

"తట్టడం ఎవరు చెప్పారు వదినా మీకు?"

"ఎవరు చెప్పడమేమిటే? నాదే అది. మా నాన్న పడవ తెడ్ల పడవ. తెడ్లు నావి, దారాలు వాడివి. అరిస్తే చేపలు పోతాయని నాన్న ఇద్దర్నీ తిట్టేవాడు. అందుకని నేనే పెట్టాను, ఒకటి కొడితే నెమ్మది, రెండు కొడితే జోరు అని. కర్ర కొనలు చూడరా, కథ వింటున్న పిల్లలు ఊఁ కొట్టినట్టు ఊగాలి అని చెప్పాను వాడికి. అసలు ఊఁ కొట్టకపోతే నిద్రపోయినట్టు. గబగబా కొడితే మనల్ని వదిలించుకోవాలని చూస్తున్నట్టు."

అన్నేళ్ళలో మీరు నాకు ఈ ఊఁ సంగతి చెప్పలేదు. నేను ముందుకి చూస్తున్నాను కదా, నాకెందుకనుకున్నారు.

అంటే మనదనుకున్నది మనది కాదు. ఆవిడదీ మీదీ. నేను వచ్చేసరికే ఆ బల్ల మీద చోటు ఖాళీ అయి ఉంది, నన్ను కూర్చోబెట్టారు, అంతే. నిన్న సాయంత్రమంతా మీ మీద కోపంగా ఉంది. ఇప్పుడూ ఉంది.

ఆవిడ దారం ముడి విప్పలేక నా చేతికి ఇచ్చింది. విప్పాను. విప్పుతూ అడిగాను.

"మూడుసార్లు తడితే?"

"మూడా?" అంది. కాసేపు ఆలోచించింది, నిజంగా గుర్తు తెచ్చుకోవాలని చూసింది. "మూడు లేదే. మాకు రెండే. మూడుతో పనేముంటుంది పడవలో?"

సెప్టెంబరు 23

మూడు లేదట.

సెప్టెంబరు 26

మూడు రోజులుగా రోజూ వెళ్తున్నాం. మాట్లాడుతూనే ఉంటుంది, కానీ దారాలు నీళ్ళలోకి జారగానే ఎక్స్ఛేంజిలో తీగ పీకేసినట్టు ఆగిపోతుంది. ఒడ్డుకి రాగానే ఆగిన మాట దగ్గర్నుంచే అందుకుంటుంది. గుండీల కథ ఇంకా పూర్తి కాలేదు.

ఈల అబ్బాయి మమ్మల్ని చూసి రేవు మెట్ల మీద లేచి నిలబడ్డాడు.

"రెండో మనిషి దొరికారా టీచరుగారూ?"

"లెక్కపెట్టుకో."

"ఇద్దరు" అన్నాడు.

"ఇన్నాళ్ళకి ఒక జవాబు సరిగ్గా చెప్పావు."

వదిన అతని చెవి పట్టుకుని, వాళ్ళ నాన్న కుర్రతనంలో ఎక్స్ఛేంజికి ఫోను చేసి ఏ అమ్మాయిని కలపమనేవాడో చెప్పడం మొదలుపెట్టింది. చోటు గురించి అతను మళ్ళీ ఎత్తలేదు. ఆ పడవ అక్కడే ఉంటుంది.

అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. "అత్తయ్యతోనా? నువ్వా?" అంది. మోతాదు చెప్పడం మర్చిపోయింది.

సెప్టెంబరు 28

ఇంట్లో ఏమీ మారలేదు. మధ్యాహ్నం ఒంటిగా తింటాను, ఒంటిగా కడుగుతాను. సాయంత్రం అల్మారా టక్కుమంది. ఈసారి "ఏమిటీ?" అనలేదు. అనకపోతే ఇల్లు ఇంకా పెద్దదైంది. రేపటి నుంచి అంటాను. ఎవరు వింటారు కనక.

సెప్టెంబరు 30

ఇవాళ నీళ్ళు చల్లగా ఉన్నాయి. రెండుసార్లు తట్టాల్సిన చోట ఒకటే వినిపించింది, తగ్గించాను, దారం వెళ్ళి అడుగున నాచులో పడింది. "నేను రెండే కొట్టాను" అంటుంది ఆవిడ. రెండోది బల్లకి తగల్లేదు. ఒడ్డుకొచ్చాక చూశాను. కుడి చేతి కణుపులు ఎర్రగా కమిలి ఉన్నాయి. చీర కొంగులో దాచుకుంది.

"నొప్పిగా ఉందా వదినా?"

"ఎవరికి? నాకా? నీ చెవులకి డాక్టర్ని చూపించుకో ముందు."

రేపు పొద్దున రేవుకి వెళ్ళేముందు చేయాల్సినవి.

వంటింట్లో పొయ్యి కింద రెండో సొరుగులో చెక్క గరిటె ఉంది. కొత్తది కాదు, పాతది, పిడి బరువుగా ఉన్నది. పిడి చివర మేకుతో చిల్లి పొడిచి తాడు కట్టాలి, రెండో కొస బల్ల కింది కొక్కేనికి. లేకపోతే మొదటి రోజే నీళ్ళపాలు చేస్తుంది. పిడికి పాత తువాలు ముక్క చుట్టాలి, వేళ్ళకి పట్టు దొరకాలి. ఇచ్చేటప్పుడు వేళ్ళ సంగతి ఎత్తకూడదు. చప్పుడు నాకు సరిగ్గా వినపడటం లేదని చెప్పాలి. ఒకటీ రెండూ మాత్రమేనని కూడా చెప్పాలి, సరదాకి కూడా మూడు వద్దని. ఎందుకని అడుగుతుంది, గుండీల కథ ఎత్తి మాట మార్చాలి.

తాడు మీ నీలం సంచిలో ఉంది. కొత్త బకెట్ కూడా కొనాలి.